సందులోవాడు

ఎడమ పక్కంతా నల్లగా కనిపిస్తుందా అని అందరూ అడుగుతారు. నలుపు కాదు అంటే నమ్మరు. మీ వీపు వెనక ఏముందో ఇప్పుడు మీకు నల్లగా కనిపిస్తోందా? అక్కడ నలుపూ లేదు, తెలుపూ లేదు. నాకు ఎడమ పక్క అలాగే ఉంటుంది. మరదలు, అంటే తమ్ముడి భార్య, కంచం తిప్పి పెడితే తప్ప, అందులో ఇంకా తిండి ఉందని తెలియదు.

తలలో రక్తం గడ్డకట్టి నాళం మూసుకుపోయిందన్నారు ఆసుపత్రిలో. కళ్ళు రెండూ బాగానే ఉన్నాయట. కళ్ళు చూసినదాన్ని అందుకునే చోటు, తల వెనక భాగంలో ఒక పక్క, చచ్చిపోయిందట. కాలూ చెయ్యీ నోరూ పడిపోలేదు, అదృష్టవంతుడివి అన్నారు. ఆ నోటిని ఇన్నాళ్ళూ నేను వాడింది తక్కువ.

మాది అద్దాల కొట్టు. నాన్న పెట్టింది. నాన్న తరవాత నేనూ తమ్ముడూ నడుపుతున్నాం. కింద కొట్టు, పైన ఇల్లు. కిటికీలకీ తలుపులకీ దుకాణాల ముందు భాగాలకీ గాజు కోసి బిగిస్తాం. కొట్టు మధ్యలో ఒక ఇనప స్తంభం ఉంది. నేను పుట్టకముందు నుంచీ అది అక్కడే ఉంది.

ఆసుపత్రి నుంచి వచ్చాక కొన్నాళ్ళు ఊరికే కూర్చున్నాను. కూర్చుంటే తుప్పు పడుతుందని పనిలోకి దిగాను. ఒక దుకాణానికి పెద్ద పలక కొయ్యాలి. నేను ముందు, తమ్ముడు వెనక. ఇద్దరం దాన్ని నిలువునా ఎత్తి బల్ల దగ్గరికి తీసుకెళ్తున్నాం. పలక ముందు మూల ఎడమ పక్కన స్తంభానికి కొట్టుకుంది. నా చేతుల్లోంచి జారింది. ఆ తరవాత నాకు కనపడింది నేల మీద గాజు, గాజు మీద తమ్ముడి రక్తం. వాడి కుడి చేతిలో నరాలు తెగాయి. కుట్లు వేశారు గాని చూపుడు వేలూ మధ్య వేలూ ఇక ముడుచుకోవు. గాజు కోసే కట్టరు నిలిచేది ఆ రెంటి మధ్యే.

"కనపడలేదురా," అన్నాను వాడితో, ఆసుపత్రి బల్ల మీద వాడి పక్కన కూర్చుని.

వాడు నా మొహం చూశాడు. "తెలుసులే అన్నయ్యా. ఊరుకో," అన్నాడు.

నేను వాడికి ఇచ్చింది ఆ ఒక్క మాటే. వాడు దాన్ని తీసుకున్నాడు. ఆ తరవాత ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఆ మాట మీదే నేను ఆ ఇంట్లో తింటున్నాను, పడుకుంటున్నాను. వాడు ఎడమ చేత్తో చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే చూసి కూడా బతుకుతున్నాను.

ఆసుపత్రివాళ్ళే నన్ను ఆ పరిశోధన చేసే ఆవిడ దగ్గరికి పంపారు. నేను డాక్టరమ్మా అంటే ఆవిడ ఒప్పుకోలేదు.

"నేను మందులిచ్చే డాక్టర్ని కాదు బాబాయ్ గారూ. మీ చూపు తిరిగి తెప్పించలేను. కంటిలో పడింది మెదడులో ఏ దారిన పోతుందో వెతుకుతున్నాను. మీకు ఇష్టమైతేనే రండి," అంది మొదటి రోజే.

అబద్ధం చెప్పలేదు, అది ఒప్పుకోవాలి. వెళ్ళమన్నది తమ్ముడు. "ఇంట్లో గోడలకి కాపలా కాసే బదులు వెళ్ళు. పగిలిన గాజుముక్కకే మనం ఏదో వాడకం వెతుకుతాం, నీ తలకి వాళ్ళు చూడరా," అన్నాడు.

ఆవిడ గదిలో కిటికీ అద్దం ఒకటి పగిలి ఉంది. దానికి టేపు అంటించారు. చూసినప్పుడల్లా చెయ్యి దురద పెట్టేది. గడ్డం ఒక చెక్క మీద ఆనించి, తెర మధ్యలో గుర్తు వైపే చూడమనేది ఆవిడ.

"ఇప్పుడు ఎడమ పక్క చుక్క వచ్చింది. పైనా, కిందా?"

"ఏ చుక్క?"

"కనపడకపోయినా పరవాలేదు. ఏది తోస్తే అది చెప్పండి."

"కనపడనిదాని గురించి ఏం తోస్తుందమ్మా?"

"ఊరికే అనండి."

ఊరికే అన్నాను. పైన, కింద, కింద, పైన. చంటిపిల్లల్ని నవ్వించే ఆట. అంతా అయ్యాక ఆవిడ, చాలా మటుకు సరిగ్గానే చెప్పారు అంది. నాకు ఒళ్ళు మండింది. ముసలాడితో పరాచికాలా అనుకున్నాను. ఆవిడ మొహంలో పరాచికం లేదు. మరీ కోపం వచ్చింది.

తరవాత నడక పెట్టింది. ఆ భవనంలో ఒక పొడుగాటి వరండా ఉంది. దాని చివర ఎర్ర దీపం. నా కళ్ళకి ఒక పెట్టె లాంటిది కట్టింది. కుడి పక్క మూసేసింది. అంటే నాకు చూపున్న పక్క కూడా పోయింది. కళ్ళు దీపం వైపే ఉండాలి. పెట్టె లోపల చిన్న కెమెరా కనుపాపని కనిపెట్టి ఉంటుంది. కనుపాప కాస్త జరిగినా ఆ నడక పనికిరాదు.

"దారిలో ఏమైనా పెట్టారా?" అని అడిగాను.

"మీకు తగిలేలోపు మా మనిషి మిమ్మల్ని పట్టుకుంటాడు. తిన్నగా నడిచి దీపం దగ్గరికి రండి."

తిన్నగా నడిచాను. ఏదీ తగల్లేదు. దారిలో ఏమీ పెట్టలేదన్నమాట అనుకున్నాను. పెట్టె విప్పి చూస్తే వరండా నిండా సామాను. ఒక స్టూలు, చెత్తబుట్ట, అట్టపెట్టెలు, మడతకుర్చీ. ఆవిడ సినిమా తీసింది. అందులో ఒక ముసలాడు కుర్చీ దగ్గరికి వచ్చి భుజం వంచి పక్కకి జరుగుతున్నాడు. చెత్తబుట్ట చుట్టూ తిరుగుతున్నాడు. ఆ చొక్కా నాది. ఆ బట్టతల నాది. ఆ నడక మాత్రం నాకు తెలియదు.

"ఎందుకు తిరిగారు ఇక్కడ?" అంది ఆవిడ.

"నేను తిరగలేదు. తిన్నగా వచ్చాను."

ఆవిడ కళ్ళు మెరిశాయి. నేను అంత సంతోషించదగ్గ మాట ఏమన్నానో తెలియలేదు. అప్పుడు వరండా చివర అద్దాల తలుపు తెరుచుకుంది. తమ్ముడు నిలబడి ఉన్నాడు. నన్ను ఇంటికి తీసుకెళ్ళడానికి ముందే వచ్చి, ఆ అద్దంలోంచి అంతా చూశాడు.

"చూశారా? మీ అన్నయ్యగారు ఒక్కదానికీ తగల్లేదు," అంది ఆవిడ వాడితో. ఆవిడకి స్తంభం సంగతి తెలియదు. ఎవరు చెప్పారు గనక.

"చూశానండీ," అన్నాడు వాడు.

బస్సులో వాడు నాకు ఎడమ పక్క కూర్చున్నాడు. ఎప్పుడూ కుడి పక్కే కూర్చునేవాడు. నేను తల తిప్పి చూస్తే కిటికీ వైపు మొహం పెట్టుకుని, ముడుచుకోని రెండు వేళ్ళనీ రెండో చేత్తో నొక్కుకుంటున్నాడు.

రాత్రి భోజనాల దగ్గర మరదలు, "ఏమైంది, అన్నదమ్ములిద్దరూ మూగనోము పట్టారు? బావగారికైతే అలవాటే. మీకేం రోగం?" అంది వాడితో.

"కంచం తిప్పకు," అన్నాడు వాడు.

ఆవిడ చెయ్యి నా కంచం మీద ఆగిపోయింది.

"వదిలెయ్. ఆయనకి కనపడుతుంది. కుర్చీలు కనపడతాయి, బుట్టలు కనపడతాయి. కంచంలో సగం కనపడదా?" వాడు నా వైపు తిరిగాడు. "ఎవరింట్లోనో స్టూలుకి తగలవు. పుట్టినప్పటి నుంచీ చూసిన స్తంభానికి తగులుతావు. ఏం అన్నయ్యా, స్టూలు మీదున్న ప్రేమ నా చెయ్యి మీద లేకపోయిందా?"

"కనపడలేదురా," అన్నాను.

"ఏది? అప్పటిదా, ఇప్పటిదా?"

"రెండూ."

"మరి ఎలా తప్పుకున్నావు?"

వాడు కంచంలో చెయ్యి కడుక్కుని లేచాడు.

మర్నాడు నా కట్టరు గోడకి కొట్టిన మేకు మీద లేదు. వాడు తీసి సొరుగులో పెట్టి తాళం వేశాడు. నాకు చెప్పాల్సినవన్నీ మరదలి చేత చెప్పించాడు. "బావగారూ, మెట్ల మీద నుంచి చూసుకుని దిగమంటున్నారు. చూడటం వచ్చు కదా అంటున్నారు," అని ఆవిడ తల వంచుకుని అప్పజెప్పేది. ఆవిడ మీద కోపం లేదు. పోస్టు తెచ్చినవాణ్ణి కొడతామా.

కొట్టులో ఒక మూల కూర్చుని లప్పం పిసుకుతున్నాను. కిటికీ చట్రంలో గాజు కదలకుండా అద్దేది అది. పిసికే కొద్దీ మెత్తబడుతుంది. నేను ఎదురుగా వీధి వైపు చూస్తున్నాను. ఉన్నట్టుండి నా వెనక గోడకి ఏదో టప్పుమని తగిలింది. తిరిగి చూస్తే లప్పం ముద్ద గోడకి అతుక్కుని ఉంది. నేను కూర్చున్న చోటికి ఎదురుగా, ఎడమ పక్కన తమ్ముడు నిలబడి ఉన్నాడు.

"తల వంచావు," అన్నాడు.

"నేనా?"

"నేను నీ తల మీదికి విసిరాను, అది వంగింది. చూశాను. దొంగ."

నేను వంచలేదు. నాన్న మీద ఒట్టు వేద్దామని నోటిదాకా వచ్చింది. వంగలేదని వాడికి ఎలా చెప్పను, గోడ మీద ముద్ద అక్కడే ఉంది కదా. సరిగ్గా నా తల ఎత్తున. నా అరవై ఏళ్ళ బతుకులో నన్ను దొంగ అన్నవాడు లేడు. అన్నవాడు నా తోడబుట్టినవాడు. పైగా నా దగ్గర వాడికంటే పెద్ద సాక్ష్యం లేదు.

బస్సెక్కి నేరుగా ఆ పరిశోధన చేసే ఆవిడ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ బిస్కట్టు తింటూ ఏదో చదువుకుంటోంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నా తలలో ఎవడున్నాడు?" అన్నాను.

ఆవిడ బిస్కట్టు కింద పెట్టింది.

"చుక్క చూసేవాడు, కుర్చీ చూసేవాడు, లప్పం ముద్దకి తల వంచేవాడు. ఎవడు వాడు? నా ఇంట్లో ఉంటూ నాకు చెప్పకుండా తిరిగేవాడు?"

ఆవిడ నా కోపానికి బెదరలేదు, నవ్వలేదు. ఒక కాగితం మీద కన్ను గీసింది, తలకాయ గీసింది. "కంటి నుంచి తల వెనక్కి ఒక పెద్ద రోడ్డు పోతుంది బాబాయ్ గారూ. 'నేను చూశాను' అని మనం అనేది ఆ రోడ్డు చివరికి చేరితేనే. మీకు ఆ చివర ఒక పక్క కూలిపోయింది. అయితే కంటి దగ్గర్నుంచే ఒక సన్నటి సందు వేరే వైపు చీలుతుంది. చాలా పాత సందు. కప్పలు, చేపలు దాంతోనే బతుకు నెట్టుకొస్తాయి. అది మీ కాళ్ళకీ చేతులకీ మెడకీ కబురు పెడుతుంది. మీకు పెట్టదు."

"కాళ్ళు నావి కావా?"

"మీవే."

"మరి నాకు పెట్టకపోవడమేంటి?"

"అదే నేను వెతుకుతున్నది."

నేను ఆ సందు వైపు చూశాను. పెన్సిలుతో గీసిన సన్న గీత. "ఇంత చూసేవాడు స్తంభం దగ్గర ఏం చేస్తున్నాడు?" అన్నాను.

ఏ స్తంభం అని అడిగింది ఆవిడ. చెప్పాను. నా జన్మలో అంతసేపు మాట్లాడింది లేదు. ఆవిడ మొహం మారింది. తలుపు దగ్గర తను తమ్ముడితో అన్న మాట గుర్తొచ్చిందనుకుంటా.

"ఎందుకు చూడలేదో నాకు తెలియదు," అంది. "అప్పటికి ఆ సందు ఇంకా పని మొదలుపెట్టలేదేమో. చేతుల్లో బరువుంటే దాని కబురు అందదేమో. ఏమో అనడమే. ఆ రోజు ఏం జరిగిందో నేను చెప్పలేను. చెబితే అబద్ధమవుతుంది."

"ఇన్ని మిషన్లు పెట్టుకుని తెలియదంటారా?"

"తెలియదు. మీ తమ్ముడి దగ్గరికి వచ్చి నాకు తెలిసినంత చెబుతాను. కావాలంటే ఇప్పుడే వస్తాను."

"వద్దు. మీరొచ్చి చెబితే, చదువుకున్నావిణ్ణి తెచ్చుకున్నాడు అంటాడు."

నేను తలుపు దాకా వెళ్ళాను. ఆవిడ వెనక నుంచి, "ఒక్కటి అర్థం కాలేదు. గాజు జారింది మీ చేతుల్లోంచి కదా. ఆయన చెయ్యి ఎలా తెగింది?" అంది.

"పట్టుకోబోయాడు."

"జారే గాజుని పట్టుకుంటారా?"

నేను తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాను. పట్టుకోం. పసివాడికి కూడా తెలిసిన సంగతి. ఇన్నాళ్ళూ వాడి చేతికి సిగ్గుపడి, ఆ చెయ్యి అక్కడికి ఎలా వచ్చిందో నేను అడగనే లేదు.

మా పనిలో మొట్టమొదటి పాఠం అది. జారిన గాజు మనది కాదు. చేతులు పైకెత్తి వెనక్కి గెంతాలి, ఎంత ఖరీదైన పలకైనా సరే. నాన్న మా ఇద్దరినీ నిలబెట్టి ముందర పనికిరాని ముక్కలు జారవిడిచేవాడు. ఎవడి చెయ్యి కదిలితే వాడి వేళ్ళ మీద కొలబద్దతో కొట్టేవాడు. నేను దెబ్బలు తిన్నాను. తమ్ముడు ఎప్పుడూ తినలేదు. వాడి చేతులు రాళ్ళలా ఉండేవి.

నేను వెళ్ళేసరికి వాడు కొట్టులో ఎడమ చేత్తో చట్రానికి లప్పం అద్దుతున్నాడు. మరదలు మెట్ల మీద కూర్చుని పాత లప్పం గీకుతోంది. వాడు నాకు కుడి పక్కకి వచ్చేలా తిరిగి నిలబడ్డాను. వాడి మొహం పూర్తిగా కనపడాలి నాకు.

"జారిన గాజు ఎవరిది?" అన్నాను.

వాడు తలెత్తలేదు. మరదలి వైపు చూసి, "ఏం కావాలో అడుగు," అన్నాడు.

"నిన్నేరా అడుగుతున్నది. ఆవిడ మధ్యలో గోడా? నాన్న ఏమనేవాడు? జారిన గాజు ఎవరిది?"

"మనది కాదు."

"మరి నువ్వెందుకు పట్టుకున్నావు?"

వాడి చెయ్యి ఆగింది.

"ఒక్కసారైనా నాన్న చేత దెబ్బ తిననివాడివి. నీ ముందు ఎన్ని పలకలు పడలేదు? ఎన్నిటికి చెయ్యి పెట్టావు? ఆ రోజు ఎందుకు పెట్టావు? చెప్పు. నన్ను దొంగ అన్నావు కదా. నేనూ అడుగుతున్నాను, చెప్పు."

"ఇన్ని మాటలు ఎక్కడ దాచారు బావగారూ," అంది మరదలు మెల్లగా.

"నేను పెట్టలేదు," అన్నాడు వాడు.

"మరెవడు పెట్టాడు?"

"దానంతటదే వెళ్ళింది. నేను పెట్టలేదు, చెయ్యి వెళ్ళింది." వాడికీ కోపం వచ్చింది. లప్పం కత్తి బల్ల మీద పడేశాడు. "పలక నీ మెడ మీదికి ఒరిగింది. ఎడమ పక్క నుంచి. అంత పలక మెడ మీదికి వస్తుంటే ఎద్దైనా తప్పుకుంటుంది. నువ్వు పాతిన రాయిలా నిలబడ్డావు. ఇంకో క్షణం ఉంటే…"

వాడు అక్కడ ఆగాడు. మాట్లాడాల్సింది నేను కాదు. మెట్ల మీద మరదలు గీకడం మానేసింది.

"ఎద్దైనా తప్పుకుంటుంది," అన్నాడు మళ్ళీ, గొంతు తగ్గించి. ఈసారి నాతో అన్నట్టు లేదు.

"నేను తప్పుకున్నానా?"

"లేదు."

"నా మెడ నాకు చేదా? కనపడితే నిలబడతానా?"

"లేదు."

"నీ చెయ్యి నిన్ను అడిగి వెళ్ళిందా?"

వాడు ఆ చెయ్యి వైపు చూసుకున్నాడు. ముడుచుకోని రెండు వేళ్ళూ ఎవరికో దారి చూపిస్తున్నట్టు ఉన్నాయి.

"నీకు చెప్పకుండా నీ చెయ్యి వెళ్ళింది. నాకు చెప్పకుండా నా కాలు కుర్చీ చుట్టూ తిరిగింది. నా తలలో ఒక సందు ఉందట. అందులో ఒకడున్నాడు. వాడు చూస్తాడు, నాకు చెప్పడు. వాడికి బుద్ధి పుడితే కాలికి చెబుతాడు, లేకపోతే లేదు. నీ చెయ్యి తెగిన రోజు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు అంటే ఆ డాక్టరమ్మకీ తెలియదట. దొంగ అంటే వాణ్ణి అను. నన్ను అనకు."

అంత మాట్లాడాక నాకు దాహం వేసింది. నీళ్ళ కుండ వైపు తిరిగాను. తిరిగితే వాడు ఎడమ పక్కకి పోయాడు, అంటే నాకు లేకుండా పోయాడు.

ఏదో వచ్చి నా చెవి మీద ఫట్టుమని తగిలింది. చల్లగా, జిగటగా. లప్పం.

"నీ చెయ్యి విరిగిపోను," అన్నాను.

అన్నాక నాలుక కరుచుకున్నాను. మరదలు నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"అది విరిగే ఉందిగా," అన్నాడు తమ్ముడు. "ఇంకేదైనా తిట్టు."

వాడు దగ్గరికి వచ్చి నా చెవి చూశాడు.

"ఏడీ మీ సందులోవాడు?"

"ఏమో. బజారుకి పోయాడేమో."

"నువ్వు తిట్టకపోతే, కావాలని తగిలించుకున్నావని అనుకునేవాణ్ణి. కావాలని తగిలించుకున్నవాడు ఆ తిట్టు తిట్టడు." వాడు బొటనవేలితో నా చెవిలో లప్పం తీశాడు. మొరటుగానే తీశాడు. చెవి మండింది.

తరవాత సొరుగు తాళం తీసి కట్టరు తెచ్చి మేకుకి తగిలించాడు. పని మిగిలి ఉంది. ఆ సాయంత్రం కిటికీ పలక ఒకటి కొయ్యాల్సి వచ్చింది. స్టాండులోంచి తీసి ఇద్దరం ఎత్తాం. ఈసారి వాడు ముందు నడిచాడు. స్తంభం దగ్గరికి వచ్చేసరికి కాలితో దాన్ని ఒక్క తన్ను తన్నాడు. ఇనుము ఖంగుమంది. అది ఎక్కడుందో నాకు తెలిసింది.

తలలో ఉన్నవాడి మీద కోపం నాకు ఇంకా పోలేదు. వాడు ఆ పూట ఏం చూస్తున్నాడో, నాకు చెప్పలేదు.